పదకొండో నంబరు బ్యాట్స్‌మన్ వచ్చాక ఫీల్డర్లను బౌండరీకి పంపాలా?

"ఒక వైపు కుదురుకున్న బ్యాట్స్‌మన్, మరో వైపు టెయిలెండర్ (చివర్లో వచ్చే, బ్యాటింగ్ అంతగా రాని ఆటగాడు) ఉంటే ఫీల్డర్లను వెనక్కి పంపి, సింగిల్ ఇచ్చి టెయిలెండర్‌ను స్ట్రైక్‌లోకి రప్పించడం మంచిదేనా?" అని మీరు అడిగారు. కాదు. నేను ఆ పని చేసి సీజన్ అంతా తిట్లు తిన్నాను.

సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో ఒకేసారి ఎన్నో మ్యాచ్‌లు జరుగుతుంటాయి. మన డీప్ మిడ్‌వికెట్ పక్క మ్యాచ్ కవర్స్‌లో నిలబడి ఉంటాడు. ఆ రోజు మా ఆఫీసు జట్టుకు నేను కెప్టెన్‌ని. అవతలి జట్టుకు తొమ్మిది వికెట్లు పోయాయి, ఇంకా 41 పరుగులు కావాలి. ఒక వైపు అరవై దాటిన బ్యాట్స్‌మన్ ఉన్నాడు. పదకొండో నంబరుగా వచ్చిన కుర్రాడివి అరువు ప్యాడ్లు. సగం తొడదాకా వచ్చి, పరుగెత్తితే టపటపా కొట్టుకుంటున్నాయి.

నేను ఎనిమిది మందిని బౌండరీకి తరిమాను. మావాళ్లలో సగం మంది పొట్టలున్న గుమాస్తాలు. వాళ్లను అంత దూరం పంపితే ఒక పరుగు కాస్తా రెండవుతుందని అప్పుడు తట్టలేదు. ఓవర్‌కు నాలుగుసార్లు ఫీల్డు మార్చడానికి విసుగేసి, కుర్రాడు స్ట్రైక్‌లోకి వచ్చినా అందరినీ అక్కడే వదిలేశాను.

మా లెగ్‌స్పిన్నర్ వేసిన బంతి మ్యాటింగ్ మీద పడి గిర్రున తిరిగింది. కుర్రాడు గుడ్డిగా బ్యాటు విసిరాడు. అంచుకు తగిలిన బంతి నడుమెత్తున, నింపాదిగా, కీపర్ పక్కన మొదటి స్లిప్ ఫీల్డర్ ఉండాల్సిన చోటు మీదుగా వెళ్లింది. మా తాతయ్య చేతికర్ర పక్కన పెట్టి మరీ పట్టేవాడు.

"అన్నా, స్లిప్ ఎక్కడన్నా?" అని అరిచాడు బౌలర్.

స్లిప్‌లో ఉండాల్సింది నేనే. పాయింట్ బౌండరీ దగ్గర ఉన్నాను.

మ్యాచ్ పోయింది. తర్వాత టీ బండి దగ్గర ఆ కుర్రాడే వచ్చి, "ఆ బంతి నాకసలు కనబడలేదు సార్" అన్నాడు.

పెద్దవాళ్లూ ఇంతే. 2021 ఆగస్టులో ఇంగ్లండ్‌తో లార్డ్స్ టెస్టు అయిదో రోజు గుర్తుందా? మనం 209కి ఎనిమిది వికెట్లు పోగొట్టుకున్నాం. వాళ్ల కెప్టెన్ రూట్ ఫీల్డర్లను దూరంగా పరిచి, మన బౌలర్ బుమ్రా మీద బౌన్సర్లు వేయించాడు. అంతకుముందు వాళ్ల బౌలర్ ఆండర్సన్‌కు బుమ్రా వేసిన బౌన్సర్ల కసి అది. వికెట్లకు గురిపెట్టి వేసి ఉంటే పది నిమిషాల పని. షమీ 56, బుమ్రా 34 చేసి నాటౌట్‌గా మిగిలారు. విడిపోని ఆ జోడీ 89 పరుగులు చేశాక మనం డిక్లేర్ చేశాం. ఇంగ్లండ్ 120కే ఆలౌటైంది. ఆఖరి వికెట్ ఎలా వచ్చింది? మన హైదరాబాదీ సిరాజ్ ఆండర్సన్‌ను బౌల్డ్ చేశాడు. పదకొండో నంబరుకు బంతి వేయాల్సింది వికెట్ల మీదికే.

ఇలాంటివి జరిగినప్పుడల్లా వ్యాఖ్యాతలు "టెయిలెండర్ల వీరోచిత పోరాటం" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. చాలాసార్లు కెప్టెనే గేటు తీసి కాపలా మానేస్తాడు, ఆ మాట మాత్రం ఎవరూ అనరు.

మీ ప్రశ్నకు వస్తే, టెయిలెండర్‌కు రెండు స్లిప్పులు, బ్యాట్స్‌మన్‌కు బాగా దగ్గరగా ఒక షార్ట్ లెగ్ పెట్టండి. కవర్స్ ఖాళీగా వదిలి డ్రైవ్‌కు ఆశపెట్టండి. మంచి బౌలర్ చేత యార్కర్లు (కాళ్ల దగ్గర పడే బంతులు) వేయించండి. తప్పకుండా పనిచేస్తుంది. తర్వాతి సీజన్‌లో నన్ను కెప్టెన్సీ నుంచి తీసేశారు కాబట్టి ఈ ఫీల్డు పెట్టి చూసే అవకాశం నాకు రాలేదు.