వారానికొక నవల చదువుతానన్న అమ్మాయికి

చిరంజీవి అమ్ములుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ఆఫీసు నుంచి వచ్చాక ఫోను పక్కన పెట్టి వారానికొక నవల చదవాలని పెట్టుకున్నావనీ, అవి కూడా కోజీ మిస్టరీలూ టీనేజ్ నవలలే కావాలనుకుంటున్నావనీ, చదివాక తోచింది రాసుకుందామంటే నోట్‌బుక్‌లో కథాసారాంశం తప్ప మరేమీ పడటం లేదనీ రాశావు. చివర్లో "ఇవి మరీ తేలిక పుస్తకాలు కదా పెద్దమ్మా, వీటి గురించి రాయడానికేముంటుంది?" అని కూడా అన్నావు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, అందులో సగం కాలం బడి లైబ్రరీ తాళాలు కూడా మోసినదాన్ని కనుక, నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

ముందు ఆ "తేలిక" అన్న మాట సంగతి చూద్దాం. ఆ మాట నేనూ ఒకప్పుడు అన్నాను, అని ఒక మంచి పాఠకురాలిని పోగొట్టుకున్నాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఇంటి దగ్గర ఎవరో ఇచ్చిన టీనేజ్ నవల చదువుతూ వరండాలో నాకు దొరికింది. అట్ట మీద ఒక అబ్బాయీ అమ్మాయీ ఉన్నారు. నేను ఆ పుస్తకాన్ని ఒక్క పేజీ అయినా తిప్పి చూడకుండా, "ఈ తేలిక పుస్తకాలు కాదమ్మా, మంచివి ఇస్తాను రా" అన్నాను. ఆ పిల్ల తల ఊపి వెళ్ళిపోయింది, పదో తరగతి పూర్తయ్యేవరకూ మళ్ళీ లైబ్రరీ గడప తొక్కలేదు. చాలా ఏళ్ళ తరువాత అదే నవల పాత పుస్తకాల కుప్పలో కనబడితే కొని చదివాను. అందులో ఉన్నది ప్రేమ వ్యవహారం కాదు. తండ్రి తాగుడు గురించి ఎవరితోనూ చెప్పుకోలేని ఒక అమ్మాయి కథ. ఆ పిల్లకు ఆ పుస్తకం ఎందుకు కావలసి వచ్చిందో నేను అడిగి ఉండవలసింది.

ఇక నువ్వు ఎంచుకున్న రెండు రకాల గురించి. ఇవి వేర్వేరు అలమరల్లో ఉంటాయి కానీ, నా లెక్కలో ఈ రెండూ పక్కింటివాళ్ళు. కోజీ మిస్టరీ అంటే నీకు తెలుసు: హత్య తెరవెనుక జరిగిపోతుంది, రక్తం పేజీ మీద చిందదు, కూపీ లాగేది పోలీసు కాదు, ఊళ్ళోనే ఉండే మామూలు మనిషి. ఆ ఊరు కూడా ఎవరింట్లో ఏం వండారో నాలుగిళ్ళకూ తెలిసిపోయేంత చిన్నది. ఆగథా క్రిస్టీ 1930లో రాసిన "ది మర్డర్ ఎట్ ది వికారేజ్" తో మొదలుపెట్టు. మిస్ మార్పుల్ కనిపించే మొదటి నవల అదే. సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెటూళ్ళో చర్చి ఫాదర్ ఇంట్లో, ఆయన చదువుకునే గదిలోనే హత్య జరుగుతుంది, కథ చెప్పేది కూడా ఆయనే. పక్కింటి ముసలావిడ మిస్ మార్పుల్ తోటపని చేసుకుంటున్నట్టూ, పక్షులను చూస్తున్నట్టూ కనిపిస్తూ, వచ్చేపోయే ప్రతివాళ్ళనీ గమనిస్తూ ఉంటుంది. మన ఊళ్ళో అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటూ వీధంతా చదివేసే మామ్మను ఎరిగినవాళ్ళకు ఆవిడను ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. ఆవిడ పద్ధతి కూడా మామ్మల పద్ధతే: ఫలానా పెద్దమనిషిని చూస్తే తనకు మా ఊరి ఫలానావాడు గుర్తొస్తున్నాడంటుంది, అందరూ నవ్వుతారు, చివరికి ఆ పోలికే నిజమవుతుంది.

ఆ తరువాతి వారం హోలీ జాక్సన్ రాసిన "ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్" చదువు. 2019లో వచ్చిన టీనేజ్ నవల. లిటిల్ కిల్టన్ అనేది కూడా ఇంగ్లండులో చిన్న ఊరే. అక్కడ ఐదేళ్ళ కిందట ఆండీ బెల్ అనే అమ్మాయి మాయమైంది, ఆమెను చంపింది సాల్ సింగ్ అనే కుర్రవాడని ఊరంతా తీర్మానించుకుంది, ఆ కుర్రవాడు కూడా చనిపోయాడు. పేరు చూడగానే నీకు అర్థమవుతుంది, అది భారతీయ మూలాలున్న కుటుంబం. ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు నడక వేగం పెంచుతారు. పిప్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి స్కూలు ప్రాజెక్టు పేరుతో ఆ కేసును మళ్ళీ తిరగదోడుతుంది.

ఈ రెండింటినీ వెనువెంటనే చదవమనడానికి కారణం ఉంది. "ఊళ్ళో అందరికీ తెలుసు" అన్న మాట మిస్ మార్పుల్‌కు పెట్టుబడి. నలుగురి నోటా నలిగిన కబుర్లలోంచే ఆవిడ నిజం ఏరుకుంటుంది. అదే మాట లిటిల్ కిల్టన్‌లో సింగ్ కుటుంబానికి శిక్ష అయింది. ఒకే ఊరిని అరుగు మీద కూర్చున్న పెద్దావిడ ఒక రకంగా చూస్తుంది, మేడగది కిటికీలోంచి ఎప్పుడు బయటపడదామా అని చూసే పిల్ల మరొక రకంగా చూస్తుంది. అందుకే నీ నోట్‌బుక్‌లో కథాసారాంశం మానేసి, ప్రతి నవలకూ ఈ రెండు ప్రశ్నలకు మాత్రం జవాబు రాయి: ఈ ఊరికి నిజంగా తెలిసిందేమిటి? తెలుసనుకున్నదేమిటి? ఏ నవల తీసుకున్నా ఈ రెండింటి మధ్య ఎడం ఉంటుంది, కథ నడిచేది ఆ ఎడంలోనే. 1967లో ఎస్.ఇ. హింటన్ రాసిన "ది అవుట్‌సైడర్స్" లో హత్య గుట్టు విప్పే డిటెక్టివ్ ఎవరూ లేరు, అయినా ఈ ప్రశ్న అక్కడా పనిచేస్తుంది. తలకు నూనె రాసుకుని జుట్టు పెంచుకున్న పేదింటి కుర్రాళ్ళంటే రౌడీలేనని ఊరు ముందే నిర్ణయించేసుకుంది. పద్నాలుగేళ్ళ పోనీబాయ్ ఆ నిర్ణయం కింద బతుకుతూ కథ చెబుతాడు. హింటన్ ఈ నవల రాయడం మొదలుపెట్టినప్పుడు ఆమెకు పదిహేనేళ్ళు, అచ్చయ్యేనాటికి పద్దెనిమిది. మన దేశంలో రస్కిన్ బాండ్ కూడా "ది రూమ్ ఆన్ ది రూఫ్" ను పదిహేడేళ్ళ వయసులోనే రాశారు.

ఇక్కడ ఒక పక్కమాట. తెలుగులో బాల్యం గురించి బంగారం లాంటి కథలున్నాయి; నామిని "సినబ్బ కతలు", ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు" నేను ఏటా ఒకసారైనా తిరగేస్తాను. కానీ అవి పెద్దవాడైన మనిషి వెనక్కి తిరిగి చూసుకుని చెప్పినవి, అందుకే వాటిలో నవ్వు ఎక్కువ, క్షమ ఎక్కువ. టీనేజ్ నవలలో కథ చెప్పేవాడికి ఇంకా ఆ వయసు దాటలేదు, రేపు ఏమవుతుందో తెలియదు, ఎవరినీ క్షమించే తీరికా లేదు. ఆ గొంతు మన భాషలో నాకు తక్కువగా వినబడుతుంది. బహుశా అందుకే మన పిల్లలు ఇంగ్లీషులో వెతుక్కుంటున్నారు.

టీనేజ్ నవల చదివేటప్పుడు నువ్వు ఇంకొక పని కూడా చెయ్యాలి. నీకిప్పుడు ఇరవై ఏడు. నవలలో పిల్ల తల్లితో పోట్లాడే చోట ఎప్పుడో ఒకసారి నీకు తెలియకుండానే "పాపం, ఆ తల్లి మాత్రం ఏం చేస్తుంది" అనిపిస్తుంది. ఆ పేజీ నంబరు వెంటనే రాసి పెట్టుకో. పదిహేనేళ్ళప్పుడైతే ఆ చోట ఎవరి పక్షాన ఉండేదానివో కూడా రాయి. ఒక ఏడాది తరువాత ఆ పేజీలన్నీ వరసగా చూసుకుంటే నీకు నువ్వే కొత్తగా కనిపిస్తావు. నేను ఈ రకం నవలలు అరవై దాటాక చదవడం మొదలుపెట్టాను కనుక నాకు తల్లుల పక్షం ఎటూ తప్పలేదు. ఒక్క చోట మాత్రం పిల్ల పక్షానికి వెళ్ళాను, ఎందుకో మీ అమ్మనడుగు.

కోజీ నవలకు వేరే పద్ధతి. దీన్ని నేర్పింది బడి కాదు, మా ఊరి అద్దె పుస్తకాల షాపు. నా చిన్నతనంలో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలను రోజుకు ఇన్ని పైసలని అద్దెకు తెచ్చుకునేవాళ్ళం. ఒకసారి తెచ్చిన నవలలో, నాకంటే ముందు చదివిన పుణ్యాత్ముడెవరో మూడో పేజీలోనే ఒక పాత్ర పేరు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కనే "వీడే హంతకుడు" అని రాసి పెట్టాడు. ఏడుపొచ్చింది. పైసలు ఇచ్చేశాను కదా అని పళ్ళు కొరుక్కుంటూ చదివాను. తీరా చదువుతూంటే, ఆ మనిషి గదిలోకి వచ్చిన ప్రతిసారీ రచయిత చెయ్యి ఎలా కదులుతోందో కనిపించడం మొదలైంది: ఇక్కడ నిజం చెప్పి మన చూపు పక్కకు తిప్పాడు, ఇక్కడ వేరేవాడి చేత కేకలు వేయించి వీణ్ణి మరిపించాడు. అప్పటి నుంచి హంతకుడెవరో తెలిశాక మొదటి మూడు అధ్యాయాలు మళ్ళీ చదవడం నాకు అలవాటైంది. నువ్వు కూడా శనివారం రాత్రికి నవల ముగించి, ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ మొదటి మూడు అధ్యాయాలు తిరగేసి, క్లూ నీ కళ్ళ ముందు ఎక్కడ పెట్టారో, నువ్వు దాన్ని ఎందుకు దాటిపోయావో రాయి. నోట్‌బుక్‌లో ఆ వారానికి అంతకంటే ముఖ్యమైన పేరా ఉండదు.

దీనికి తోడు, సగం పుస్తకానికి వచ్చినప్పుడు ఒక నిమిషం ఆగి, నీ అనుమానం ఎవరి మీదో, ఎందుకో ఒక వాక్యంలో తేదీ వేసి రాసి పెట్టు, తరువాత దిద్దకు. నా పాత నోట్‌బుక్ ఇప్పుడు ముందు పెట్టుకుని చూస్తున్నాను. ఒక చోట ఇలా ఉంది: "మంగళవారం, రాత్రి. కరెంటు లేదు. అనుమానం: మేనకోడలు. కారణం: ఖరీదైన బట్టలు, దాసీతో మాట్లాడిన తీరు." తప్పు. రెండు పేజీల తరువాత వేరే నవలకు మళ్ళీ ఒక సోకులాడి మీదే అనుమానం, మళ్ళీ తప్పు. నలభై నవలల్లో పదకొండు సార్లు బాగా ముస్తాబైన ఆడదాన్నే పట్టుకున్నాను, ఒక్కసారి మాత్రమే నిజమైంది. నాలో ఇంత బడిపంతులమ్మ బుద్ధి ఉందని నాకు ఏ సహోద్యోగీ చెప్పలేదు, ఈ నోట్‌బుక్ చెప్పింది.

కోజీ అంటే దుఃఖం లేనిదని కూడా అనుకోకు. అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ 1998లో మొదలుపెట్టిన "ది నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ" లో బోట్స్వానా దేశపు ప్రెషస్ రమోత్స్వే అనే ఆవిడ, దక్షిణాఫ్రికా గనుల్లో పనిచేసి తండ్రి కూడబెట్టిన పశువులను ఆయన పోయాక అమ్మి ఆ డబ్బుతో ఏజెన్సీ తెరుస్తుంది. చేయి చేసుకునే భర్త, పుట్టి కొద్ది రోజులకే పోయిన బిడ్డ, అన్నీ ఆ హాయైన పుస్తకంలోనే ఉన్నాయి. రిచర్డ్ ఆస్మన్ 2020లో రాసిన "ది థర్స్‌డే మర్డర్ క్లబ్" లో వృద్ధుల కాలనీలో నలుగురు కలిసి పాత కేసులు తవ్వుతుంటారు, చుట్టూ మతిమరుపూ మరణమూ తిరుగుతూనే ఉంటాయి. ఆ నవలలో జాయిస్ అనే రిటైర్డ్ నర్సు రాసే డైరీ అధ్యాయాలను శ్రద్ధగా చూడు. ఏదో చెప్పబోయి ఇంకేదో చెప్పి, మధ్యలో అసలు సంగతి జారవిడుస్తుంది. నీ నోట్‌బుక్ భాష అలా ఉంటే చాలు, సమీక్షలాగా ఉండనక్కరలేదు. నక్షత్రాలు అసలే వేయకు. మూడున్నర నక్షత్రాలని వేసిన తరువాత మనసు ఇక పనిచేయడం మానేస్తుంది.

వేగం గురించి కొంచెం. ఈ నవలలు చాలావరకు మూడు వందల పేజీలకు అటూ ఇటూగా ఉంటాయి, రోజుకు యాభై పేజీల చొప్పున ఆరు రోజుల్లో అయిపోతాయి. రాత్రి పడుకునే ముందు కోజీ పనికివస్తుంది. టీనేజ్ నవలలను మాత్రం సాయంత్రమే ముగించు. పిప్ సిరీస్‌లో 2021లో వచ్చిన మూడోది చాలా చీకటిగా ఉంటుంది, ఒంట్లో నలతగా ఉన్న వారంలో దాని జోలికి వెళ్ళకు. యాభై పేజీలకు కూడా లోపలికి రానివ్వని పుస్తకాన్ని మూసేయి, ఎందుకు మూశావో మాత్రం రాయి. ఒకే సిరీస్‌ను వరసగా నాలుగు చదవకు, అంత చిన్న ఊళ్ళో ఇన్ని హత్యలేమిటని నవ్వొచ్చేస్తుంది, ఆ నవ్వుతో నమ్మకం పోతుంది. అన్నీ కొనకు కూడా. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో ఇవే ఎక్కువగా దొరుకుతాయి, ఓపిక ఉంటే అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉండనే ఉంది.

నా క్రిస్టీ ప్రతిని ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. మార్జిన్లలో నా పెన్సిలు రాతలు కనిపిస్తాయి, వాటిని మొదటిసారి చదివేటప్పుడు పట్టించుకోకు. సున్నాలు కూడా చుట్టి ఉంటాయి కానీ, నేను అన్ని పేర్ల చుట్టూ చుట్టాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ