బాస్ రావట్లేదన్నావు కదా, అమ్మలూ

వడపళని, చెన్నై

అమ్మలూ,

ఆదివారం బస్సుకు టైమవుతోందని నువ్వు హడావిడిగా బయల్దేరిపోయావు. నేను చెప్పాల్సింది సగం నా నోట్లోనే ఉండిపోయింది. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

"ఈ ఇయర్‌బడ్స్‌లో బాస్ రావట్లేదు, బోనస్ వచ్చింది కదా, ఇరవై వేలు పెట్టి మంచివి కొనేస్తాను" అన్నావు. అప్పుడు నేను నీ రెండు చెవుల్లోని బడ్స్‌నీ వేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కాను, గుర్తుందా? నీ కళ్ళు ఇంతింతయ్యాయి. "అరె, ఇప్పుడొస్తోంది!" అన్నావు. వేలు తీయగానే మళ్ళీ పోయింది. ఆ బాస్ అందులో మొదటి రోజు నుంచీ ఉందమ్మా. నీ చెవికీ ఆ రబ్బరు టిప్పుకీ మధ్యనున్న సందులోంచి బయటికి పోతోంది, అంతే. చిల్లున్న పంపుతో సైకిల్‌కి గాలి కొడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. చెవి లోపలున్న ఆ కాస్త గాలినీ మూసి ఉంచితేనే బరువైన స్వరాలు నిలుస్తాయి. సందు ఉంటే ముందు పోయేది బాసే. మిగిలినది పలచగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

కాబట్టి ఇరవై వేలు తీసే ముందు నీ డబ్బాలో పడి ఉన్న మిగతా టిప్పులు తీసి చూడు. చిన్నవి, మధ్యవి, పెద్దవి అని మూడు సైజులు ఇస్తారు. కొన్న రోజున తగిలించి ఉన్న మధ్య సైజుతోనే చాలామంది ఏళ్ళు గడిపేస్తారు. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలని కూడా లేదు. నాకు కుడి చెవికి మధ్యది, ఎడమ చెవికి పెద్దది పడుతుంది. పెట్టుకునే పద్ధతి కూడా నేర్చుకో: ఎదురు చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ కాస్త లాగి, బడ్‌ని లోపలికి పెట్టి కొంచెం తిప్పు, ఆ తర్వాత చెవిని వదిలెయ్. సరిగ్గా కూర్చుంటే గదిలో ఫ్యాన్ చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోతుంది, నీ గొంతు నీకే కుండలో మాట్లాడినట్టు వినిపిస్తుంది. అది లోపం కాదు, మూత సరిగ్గా పడిందని గుర్తు. ఇరవై నిమిషాల్లో నొప్పి పుడితే ఆ టిప్పు నీకు పెద్దది. ఏదైనా నములుతుంటే జారిపోతే చిన్నది. రబ్బరు అసలు పడకపోతే ఫోమ్ టిప్పులు దొరుకుతాయి. వేళ్ళ మధ్య నలిపి పెడితే చెవి ఆకారానికి తగ్గట్టు ఉబ్బుతాయి. కాకపోతే త్వరగా పాడవుతాయి, మార్చుకుంటూ ఉండాలి.

ఇవన్నీ చేసినా బాగోలేదనిపిస్తే అప్పుడు కొత్తవి కొందాం, నేనే దగ్గరుండి కొనిపెడతాను.

కొనేటప్పుడు ముందు చూసుకోవాల్సింది నువ్వు ఎక్కడ వింటావన్నది. పొద్దునా సాయంత్రం ఓఎంఆర్ రోడ్డు మీద కంపెనీ బస్సులో గంటన్నర చొప్పున, ఆఫీసులో మీటింగులు, రాత్రి పీజీలో పడుకునే ముందు పాటలు. ఈ మూడు పనులకీ ఒకే వస్తువు బాగా ఉండదు. నన్నడిగితే బస్సుకీ ఫోన్లకీ నాయిస్ క్యాన్సలింగ్ ఉన్న వైర్‌లెస్ ఒకటి, పాటలకి వైర్ ఉన్నది ఒకటి తీసుకో. రెండూ కలిపినా నువ్వనుకున్న ఇరవై వేలు దాటవు.

నాయిస్ క్యాన్సలింగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని మీద జనానికి ఆశలెక్కువ. అందులో ఉన్న మైకు బయటి చప్పుడు విని, దానికి సరిగ్గా తలకిందులైన అలను చెవిలోకి పంపిస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి తినేస్తాయి. బస్సు ఇంజన్, ఏసీ గుర్రు, మెట్రో రైలు రొద లాంటి ఆగకుండా వచ్చే లావు చప్పుళ్ళ మీద ఇది అద్భుతంగా పనిచేస్తుంది. హఠాత్తుగా వచ్చే హారన్, పక్క సీట్లో అమ్మాయి ఫోన్ మాటలు మాత్రం పూర్తిగా పోవు. 1978లో బోస్ స్పీకర్ల కంపెనీ పెట్టిన అమర్ బోస్ విమానంలో వస్తూ, వాళ్ళిచ్చిన హెడ్‌ఫోన్‌లో ఇంజన్ రొద తప్ప పాట వినబడక, అక్కడే కూర్చుని దీని లెక్కలు మొదలుపెట్టారట. ఆయన తండ్రి మన దేశం నుంచి, బెంగాల్ నుంచి వెళ్ళినవారే. ఆయన కంపెనీ పైలట్లకు హెడ్‌సెట్ అమ్మే నాటికి 1989 వచ్చింది. ఇప్పుడు అదే కిటుకు నీ చెవిలో గోరంత బడ్‌లో ఇమిడిపోయింది. కానీ దానికి కూడా టిప్పు సరిగ్గా మూసుకోవాలి. సందు ఉంటే లోపలికి వచ్చే రొదకు అది సరిపోదు.

ఇక వాల్యూమ్. దీని గురించే రాత్రి నిద్రపట్టక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

డబ్బింగ్ థియేటర్లలో ముప్ఫై ఏళ్ళు పనిచేశానని నీకు తెలుసు. సినిమా వాళ్ళు చాలామంది హైదరాబాద్ వెళ్ళిపోయాక కూడా మేం కొందరం ఇక్కడే ఉండిపోయాం. అప్పట్లో ఎడమ చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, గదిలో వాళ్ళ మాట వినబడాలని కుడి చెవి వదిలేసేవాణ్ణి. వెనకాల అసిస్టెంట్లు మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు, డైలాగ్ వినబడకపోతే వాల్యూమ్ పెంచేవాణ్ణి. సాయంత్రానికి ఎడమ చెవి మొద్దుబారినట్టు ఉండేది, పొద్దుటికి సర్దుకునేది. సర్దుకుంది కదా అని పట్టించుకోలేదు. ఇవాళ ఆ చెవిలో పగలూ రాత్రీ కీచురాళ్ళ చప్పుడే. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు రాత్రి అరుగు మీద పడుకుంటే, పొలంలో నిజంగా కీచురాళ్ళు అరుస్తున్నాయో, అది నా చెవిలో మోతో తేల్చుకోలేకపోయాను. మీ నాన్నని అడిగి తెలుసుకున్నాను.

బస్సులో నువ్వు చేస్తున్నదీ అదే అమ్మలూ. బయట రొద, లోపల పాట వినబడదు, వాల్యూమ్ పెంచుతావు. పెద్దవాళ్ళ చెవికి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 90 డెసిబెల్స్‌కి వెళితే ఆ 40 గంటలు 4 గంటలకు పడిపోతాయి. నీ బస్సు ప్రయాణమే వారానికి పదిహేను గంటలు. లోపలి చెవిలో చప్పుడు పట్టే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. మందూ లేదు, ఆపరేషనూ లేదు. అందుకే టిప్పు సరిగ్గా పట్టాలని, నాయిస్ క్యాన్సలింగ్ ఉండాలని అంటున్నాను. బయటి రొద తగ్గితే సగం వాల్యూమ్‌లోనే పాట హాయిగా వినబడుతుంది. నువ్వు ఎంత చప్పుడుతో వింటున్నావో కొన్ని ఫోన్ల సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది, నీ ఫోన్‌లో ఉందేమో చూడు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నానని అనుకున్నా సరే, ఈ ఒక్క విషయంలో పోరుతూనే ఉంటాను.

మీటింగుల సంగతి. లాప్‌టాప్‌లో కాల్ మొదలవగానే పాట కూడా పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు అయిపోతోంది, బడ్స్ పాడయ్యాయా అని అడిగావు. పాడవలేదు. బ్లూటూత్ మైకు ఆన్ అయితే, మాట అటూ ఇటూ పోవడానికి ఉన్న కాస్త దారినీ పంచుకోవాలి, అందుకని సౌండ్‌ని బాగా కుదించేస్తుంది. పాత టెలిఫోన్ 3,400 హెర్ట్జ్ పైన ఏదీ మోసేది కాదు, 'స' ఉండేది ఆ పైనే. అందుకే ఫోన్‌లో పేర్లు చెప్పేటప్పుడు ఒక్కో అక్షరం విడమరిచి చెప్పాల్సి వచ్చేది. దీనికి సులువైన ఉపాయం, మీటింగ్ సెట్టింగ్స్‌లో మైకుగా లాప్‌టాప్ మైకునే ఎంచుకుని, వినడానికి మాత్రం బడ్స్ వాడు. తేడా నీకే తెలుస్తుంది.

పాటల కోసం కొనేది ఎలా వినాలో చెబుతాను, నాకు చేతనైన విద్య ఇదే. షాపువాడు పెట్టిన పాట వినొద్దు. నీకు కంఠతా వచ్చిన రెండు పాటలు నీ ఫోన్‌లోంచి పెట్టు. ఒకటి గొంతు ముందుండేది, ఇంకొకటి మృదంగం ఉన్నది. గొంతులో 'స', 'శ' వేరువేరుగా వినిపించాలి. థియేటర్లో కొత్త హెడ్‌ఫోన్ వస్తే నేను మొదట చూసేది అదే. రెండూ ఒకేలా ఉంటే ట్రెబుల్, అంటే సన్నటి పై స్వరాలు, మసకబారినట్టు. 'స' వచ్చినప్పుడల్లా సూదితో పొడిచినట్టుంటే ట్రెబుల్ ఎక్కువైనట్టు, అలాంటిదానితో గంట వింటే తలనొప్పి వస్తుంది. మృదంగంలో కుడి పక్క వేలి దెబ్బ టక్కున విడిగా తెలియాలి, ఎడమ పక్క గుమ్మని లేచి తనంతట తాను ఆగాలి. ఆ గుమ్ము పాడేవాళ్ళ మాట మీదికి పాకిందంటే అందులో బాస్ కావాలని పెంచారన్నమాట. షాపులో రెండు నిమిషాలు వింటే అదే గొప్పగా ఉంటుంది, ఇంటికొచ్చాక వారానికే మొహం మొత్తుతుంది. రెండిటిని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టు. కాస్త గట్టిగా మోగేది మంచిదని మన చెవి ఇట్టే మోసపోతుంది. నేనూ చాలాసార్లు మోసపోయాను.

డబ్బా మీద రాసే అంకెల్ని పట్టించుకోకు. 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని చవకవాటి మీద కూడా ఉంటుంది. లోపల సౌండ్ పుట్టించే చిన్న స్పీకర్, అదే డ్రైవర్, ఎన్ని మిల్లీమీటర్లన్నది కూడా అంతే, పెద్దదైతే మంచిదని లేదు. ఎల్‌డాక్ అనే కోడెక్ గురించి, అంటే పాటను కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతి గురించి, ఎవరో చెప్పారన్నావు, అది ఐఫోన్‌లో పనిచేయదు, నీదేమో ఐఫోన్. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టకు.

తల మీద పెట్టుకునే పెద్దవి కావాలనిపిస్తే మాత్రం నువ్వే వెళ్ళి పెట్టుకుని చూడాలి, ఆన్‌లైన్‌లో తెప్పించకు. చెవి మొత్తం ఆ కప్పు లోపల పట్టాలి, చెవి అంచు ఎక్కడా లోపలి గుడ్డకు తగలకూడదు. నీకు కళ్ళజోడు ఉంది, దాని కాడ దగ్గర సందు పడి బాస్ పోతుంది. కాబట్టి మెత్తగా, లావుగా ఉన్న ప్యాడ్స్ చూడు. దుద్దులు పెట్టుకునే వెళ్ళు. ముందు నుంచి ఏమీ తెలియదు గానీ, పావుగంటకి వెనకున్న మర ఆ ఒత్తిడికి మెడ దగ్గర గుచ్చుకోవడం మొదలవుతుంది. మీ పెద్దమ్మ నాది పెట్టుకుని పాత పాటలు వింటూ దుద్దులు తీసి బల్ల మీద పెట్టేది, అలా ఒక మర పోగొట్టుకుంది కూడా. బరువు 250 గ్రాముల దగ్గరుంటే బాగుంటుంది. ఇంకోటి, మన చెన్నై ఉక్కకి తోలులా కనిపించే ప్యాడ్స్ రెండు మూడేళ్ళలో పొరలు పొరలుగా ఊడి నల్లటి పొట్టు బుగ్గలకు అంటుకుంటుంది. విడిగా ప్యాడ్స్ దొరికే మోడల్ అయితేనే తీసుకో. నేను వాడిన సోనీ ఎండీఆర్-7506 మోడల్ 1991లో వచ్చింది, ప్యాడ్స్ మార్చుకుంటూ ఇప్పటికీ వాడుతున్నాను. వైర్‌లెస్ బడ్స్‌కి ఆ ఆయుష్షు ఉండదు. లోపలి చిన్న బ్యాటరీ రెండు మూడేళ్ళకి నీరసిస్తుంది, మార్చడం దాదాపు కుదరదు. అందుకే వైర్‌లెస్ మీద మరీ ఎక్కువ పెట్టొద్దంటాను. పాటలకైతే రెండు వేలకు అటూ ఇటూగా దొరికే వైర్ ఇయర్‌ఫోన్లు ఇప్పుడు ఎంత బాగుంటున్నాయంటే, నా రోజుల్లో పది రెట్లు పెట్టినా ఆ సౌండ్ వచ్చేది కాదు. నీ ఫోన్‌కి పిన్ను దూర్చే చోటు లేదు కాబట్టి చిన్న అడాప్టర్ ఒకటి తీసుకోవాలి.

తలస్నానం చేసిన వెంటనే తడి చెవిలో బడ్స్ పెట్టకు. ఈ ఊరి తేమకి చెవిలో ఫంగస్ రావడానికి అంతకన్నా మంచి దారి లేదు. ఒకవైపు సౌండ్ తగ్గిందంటే ముందు జాలీలో గులిమి చూడు. జాలీ కిందికి ఉండేలా పట్టుకుని, పొడి మెత్తటి బ్రష్‌తో దులుపు. పాడైందనుకుని పారేసిన జతలు సగం ఇలాంటివే. నీవి ఎవరికీ ఇవ్వకు, ఎవరివీ తీసుకోకు. షోళింగనల్లూరులో రోడ్డు దాటేటప్పుడు, లోకల్ రైలు స్టేషన్లలోను రెండూ తీసి జేబులో వేసుకో, ఇది మీ నాన్న మాటగా కూడా చెబుతున్నాను.

శనివారం పొద్దున్నే వచ్చెయ్. రిచీ స్ట్రీట్ వెళ్దాం, జనం పెరగకముందే నింపాదిగా నాలుగు షాపులు చూడొచ్చు. ఏ షాపైనా సరే బిల్లు, వారంటీ కాగితం చేతికి వచ్చాకే డబ్బివ్వాలి. ఒకసారి పేరున్న బ్రాండని నమ్మి బిల్లు లేకుండా కొన్నాను, అది నకిలీ అని విప్పి చూశాకే తెలిసింది. వచ్చేటప్పుడు నీ పాత బడ్స్, డబ్బాలో మిగిలిన టిప్పులు అన్నీ మర్చిపోకుండా తీసుకురా. పెద్దమ్మ జంతికలు చేస్తోంది. బజారుకి బయల్దేరే ముందు ఒక్కో సైజూ పెట్టుకుని జంతికలు నములుతూ చూద్దాం, ఏది జారకుండా ఉంటుందో.

ఆశీస్సులతో,
పెదనాన్న