ట్రైల్‌కి స్థలం అడిగితే అడుగులు కాదు, ప్లాట్లు లెక్కపెట్టండి

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. నేను, మా అన్నయ్య, ఒక స్నేహితుడు కలిసి 12 ఎకరాలు కొన్నాం. 28 ఇళ్ల ప్లాట్లు వేస్తామని సిటీకి ప్లాన్ పెట్టాం. వెనకున్న వాగు వెంబడి పబ్లిక్ ట్రైల్ (జనం నడిచే దారి) కోసం 30 అడుగుల వెడల్పు, 1,200 అడుగుల పొడవు స్థలం ఉచితంగా రాసివ్వాలని ప్లానింగ్ ఆఫీసు షరతు పెట్టింది. అలా ఇస్తే రెండు ప్లాట్లు పోతాయి. ఖర్చులు పోను ప్లాటుకు 60 వేల డాలర్లు మిగులుతాయని మా అంచనా. లోనుకు నెలకు 9 వేల డాలర్ల వడ్డీ కడుతున్నాం. కోర్టుకు వెళ్దామని స్నేహితుడు, ఇచ్చేసి టాక్సులో దానంగా చూపిద్దామని అన్నయ్య అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. ముందు అన్నయ్యగారి మాట చూద్దాం, అది తొందరగా తేలిపోతుంది. పర్మిషన్ రావడం కోసం ఇచ్చిన స్థలాన్ని ఐఆర్‌ఎస్ (అమెరికా ఆదాయపన్ను శాఖ) మామూలుగా దానం అనదు. ఇచ్చినదానికి బదులు మీకు అనుమతి దక్కింది కదా. పైగా ప్లాట్లు వేసి అమ్మడమే మీ పని అయినప్పుడు, నిజంగా దానం చేసినా మార్కెట్ విలువ మొత్తానికి మినహాయింపు రాదు, మీ కొనుగోలు ఖర్చు వరకే చూస్తారు. అయితే డబ్బు పూర్తిగా మునిగినట్టు కాదు. రాసిచ్చిన ముక్కకు మీరు పెట్టిన ఖర్చు మిగిలిన ప్లాట్ల ఖర్చులో కలుస్తుంది. వాటిని అమ్మినప్పుడు లాభం ఆ మేరకు తగ్గుతుంది, టాక్సూ తగ్గుతుంది. ఈ లెక్క మీ సీపీఏ (అకౌంటెంట్) చేత ఇప్పుడే వేయించండి.

ఇక కోర్టు సంగతి. మీ స్నేహితుడు చెబుతున్నదాంట్లో పస లేకపోలేదు. ఒరెగాన్‌లోని టిగార్డ్‌లో ఫ్లోరెన్స్ డోలన్ అనే ఆవిడ తన ప్లంబింగ్, ఎలక్ట్రికల్ సామాన్ల షాపు పెంచుకుంటానంటే, సిటీ వాగు పక్క స్థలంతో పాటు నడకకూ సైకిళ్లకూ 15 అడుగుల దారి అడిగింది. 1994లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆవిడ వైపు తీర్పు చెప్పింది. అడిగే స్థలానికీ, కొత్త కట్టడం వల్ల ఊరి మీద పడే భారానికీ దాదాపుగా పొంతన ఉండాలి. ఆ పొంతన చూపించే బాధ్యత సిటీదే. స్థలానికి బదులు డబ్బు అడిగినా ఇదే సూత్రమని 2013లో మరో తీర్పు వచ్చింది.

కానీ ఆవిడది షాపు, మీవి 28 ఇళ్లు. ఆ ఇళ్లలోకి వచ్చేవాళ్లు ట్రైల్ మీద నడుస్తారని సిటీ తేలిగ్గా చెప్పుకోగలదు. కేసు ఏడాది సాగితే వడ్డీకే లక్షా 8 వేల డాలర్లు పోతాయి, లాయర్ ఫీజు దానికి అదనం. మీకు పోయే రెండు ప్లాట్ల విలువ లక్షా 20 వేలు. గెలిచినా సిటీ మళ్లీ లెక్కలు వేసి, ఇంకాస్త తక్కువ స్థలం అడగొచ్చు. అందుకని ఆ తీర్పును ఆయుధంలా ఎత్తకండి, ఉత్తరంలో వాడుకోండి. ‘ఈ 30 అడుగులు ఏ లెక్కన వచ్చాయో రాతపూర్వకంగా తెలియజేయగలరు’ అని మర్యాదగా అడగండి. చాలాసార్లు బేరం అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. సిటీ అడిగింది 36,000 చదరపు అడుగులు, అంటే ఎకరంలో దాదాపు 83 శాతం. వినడానికి పెద్దదే. కానీ మీకు నష్టం ఎకరాల్లో లేదు, ఆ రెండు ప్లాట్లలో ఉంది. వాగు పక్క కాబట్టి ఆ పట్టీలో కొంత వరద ముంపు ప్రాంతమే అయి ఉండొచ్చు. ముంపు ఎక్కడిదాకా వస్తుందో ముందు సర్వేయర్ చేత గీత గీయించండి. అక్కడ ఇల్లు కట్టడం ఎటూ కష్టం కాబట్టి, ఆ భాగం ఇచ్చినా మీకు పోయేది తక్కువ. దాన్ని ధారాళంగా ఇవ్వండి, ఇస్తున్నామని గట్టిగా చెప్పండి కూడా. (మీకు అక్కర్లేనిదాన్ని పెద్ద మనసుతో ఇచ్చినట్టు కనిపించడం బేరంలో తప్పేమీ కాదు.)

మిగిలిన ముక్క దగ్గరే పట్టు పట్టాలి. ప్లాట్లకు ఆనుకున్న చోట వెడల్పు 20 అడుగులకు తగ్గించమని అడగండి. ఒప్పుకోకపోతే, స్థలం రాసివ్వకుండా దారి హక్కు మాత్రమే ఇస్తామనండి, అంటే ఈజ్‌మెంట్. స్థలం ప్లాటులోనే ఉంటుంది, జనం నడవొచ్చు. కొన్ని సిటీల్లో ఈజ్‌మెంట్ ఉన్న భాగం కూడా ప్లాటు కనీస విస్తీర్ణంలోకి వస్తుంది. మీ సిటీ నిబంధన అలాగే ఉంటే రెండు ప్లాట్లూ నిలబడతాయి. లేకపోతే ఆ రెంటికీ కనీస విస్తీర్ణంలో కాస్త సడలింపు అడగండి. పార్కు ఫీజు కూడా కట్టమంటుంటే, ఇస్తున్న స్థలం విలువను అందులోంచి తగ్గించమనడం న్యాయమైన కోరిక.

ఈజ్‌మెంట్‌కు ఇబ్బందులూ ఉన్నాయి. ఆ ముక్క మీద ప్రాపర్టీ టాక్స్ ప్లాటు ఓనరు మీదే ఉండొచ్చు. ఎవరైనా జారిపడితే మా గతేంటని కొనేవాళ్లు అడుగుతారు. ఉచితంగా నడవనిచ్చే స్థల యజమానులకు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ కొంత చట్టరక్షణ ఉంది. అయినా ట్రైల్ వేసేది, ఊడ్చేది, రిపేర్లు చేయించేది, బాధ్యత వహించేది సిటీయేనని కాగితం మీద పెట్టించుకోండి. ఈ వాక్యం లేకపోతే ఖర్చు హెచ్‌ఓఏ (ఆ ఇళ్ల ఓనర్ల సంఘం) నెత్తిన పడొచ్చు. నెలవారీ ఫీజు పెరిగితే కొనేవాళ్లు వెనకాడతారు.

సంతకం పెట్టే ముందు బ్యాంకుతో మాట్లాడండి. తాకట్టులో ఉన్న భూమిలో ముక్క రాసివ్వాలన్నా, హక్కు ఇవ్వాలన్నా వాళ్ల అంగీకారం కావాలి. బ్యాంకు కాగితం ఆలస్యమైతే సిటీతో బేరం కుదిరినా ప్లాట్ మ్యాప్ (ప్లాట్ల హద్దులు చూపే పటం) రిజిస్టర్ కాదు. ఆ నెలల వడ్డీ కూడా మీ ముగ్గురిదే.