పిండ పరిశోధన చట్టాల పట్టిక: అమెరికా గడి ఎందుకు కుదరడం లేదు

తిరుపతిలో ఎం.ఏ. సెమినార్ కోసం మానవ పిండాలపై పరిశోధనను ఏ దేశం అనుమతిస్తుందో పోలుస్తూ మీరు వేసిన పట్టికలో, అమెరికా ఒక పుస్తకం ప్రకారం ‘నిషేధం’గానూ మరో పుస్తకం ప్రకారం ‘అనుమతి’గానూ రావడానికి కారణం, చట్టం నిషేధించడాన్నీ ప్రభుత్వం డబ్బు ఇవ్వకపోవడాన్నీ ఒకే గడిలో కలిపేయడమే.

1. ‘అనుమతి/నిషేధం’ గడిని కొట్టేసి, చట్టం, నిధులు, మార్గదర్శకాలు అని మూడు గడులు గీయండి.

2. చాలామంది వదిలేసేది నిధుల గడినే. 1996 నుంచి ఏటా బడ్జెట్ చట్టంలో చేరుస్తూ వస్తున్న డిక్కీ-వికర్ సవరణ, మానవ పిండాలను నాశనం చేసే పరిశోధనకు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులు ఇవ్వకూడదని చెబుతుందే తప్ప, ప్రైవేటు డబ్బుతోనో రాష్ట్రాల డబ్బుతోనో చేసేవారిని ఆపదు. అందుకే కాలిఫోర్నియా ఓటర్లు 2004లో మూలకణ (పిండాల నుంచి కూడా తీసే, ఇతర కణాలుగా మారగల స్టెమ్ సెల్స్) పరిశోధనకు 300 కోట్ల డాలర్ల బాండ్లను ఆమోదించగలిగారు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాస్తే మీ రెండు పుస్తకాల మధ్య వైరుధ్యం పోతుంది.

3. బ్రిటన్‌లో 1990 చట్టం కింద లైసెన్సుతో పిండంపై 14 రోజుల వయసు వరకు పరిశోధనకు అనుమతి ఉంది.

4. జర్మనీని కేవలం ‘నిషేధం’ అని రాస్తే అన్యాయమవుతుంది. అక్కడ పిండాలపై పరిశోధన నేరమే అయినా, విదేశాల్లో 2007 మే 1కి ముందు తయారైన పిండ మూలకణ శ్రేణులను (ల్యాబ్‌లో పెంచుతూ వచ్చే కణాలను) అనుమతితో దిగుమతి చేసుకోవచ్చు.

5. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మూలకణ పరిశోధన మార్గదర్శకాలను చట్టం గడిలో పెట్టకండి. చట్టం గడిలో 2021 నాటి ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి సాంకేతికత) చట్టం రావాలి.