సెరామిక్ క్రౌన్ అంచు పెచ్చు ఊడుతోంది: షోల్డర్ మేలా, చాంఫర్ మేలా?

లిథియం డైసిలికేట్ (ఒక రకం సెరామిక్) క్రౌన్లు, అంటే పంటి మీద తొడిగే తొడుగులు, బిగించిన కొన్నాళ్లకే అంచు దగ్గర పెచ్చు ఊడుతున్నాయని, పన్ను అరగదీసే తీరు మార్చుకోవాలా, ల్యాబ్ మార్చాలా అని అడిగారు. నేను ల్యాబ్‌లో క్రౌన్లు తయారుచేసే టెక్నీషియన్ని. ల్యాబ్ మార్చే ముందు ఆ కేసు డైని (అరగదీసిన పన్ను నమూనాను) భూతద్దం కింద పెట్టి అంచు చుట్టూ ఒకసారి చూడండి.

సెరామిక్ ఎంత నొక్కినా తట్టుకుంటుంది, లాగితే మాత్రం పగులుతుంది. నమిలేటప్పుడు పైనుంచి పడే బరువుకు క్రౌన్ అంచు పక్కలకు విచ్చుకోవాలని చూస్తుంది. అంటే సరిగ్గా అంచు దగ్గరే లాగుడు పుడుతుంది. అక్కడ మందం చాలకపోతే బీట అక్కడే మొదలవుతుంది. మాకు విరిగి తిరిగొచ్చిన ఒక దవడ పన్ను క్రౌన్ చూడండి: బుగ్గ వైపు ఒక మిల్లీమీటరు షోల్డర్ (మెట్టులా అరగదీసిన అంచు) చక్కగా ఉంది, వెనక వైపు బర్ (పన్ను అరగదీసే పనిముట్టు) సరిగ్గా అందక అంచు కత్తివాదరలా సన్నబడింది. పగులు ఆ వెనక మూల నుంచే పైకి పాకింది.

అందుకే లిథియం డైసిలికేట్‌కు అంచు చుట్టూ సుమారు ఒక మిల్లీమీటరు చోటు ఇవ్వండి. లోపలి మూల గుండ్రంగా ఉన్న షోల్డరైనా, లోతైన చాంఫరైనా (వంపుగా అరగదీసిన అంచు) సరే. మూల పదునుగా ఉంటే ఒత్తిడంతా ఆ ఒక్క గీత మీదే చేరుతుంది. లోహపు క్రౌన్లకు నేర్చుకున్న బెవెల్‌ను (ఏటవాలుగా సన్నబడే అంచును) మాత్రం దయచేసి ఇక్కడికి తేవద్దు. సన్నని లోహం వంగుతుంది, సన్నని సెరామిక్ విరుగుతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. చాంఫర్ బర్‌ను దాని మందంలో సగానికి మించి లోపలికి దింపితే బయటి వైపు పన్ను పలచని గోడలా మిగిలిపోతుంది. డై మీద ఎర్ర పెన్సిల్‌తో అంచు గీస్తుంటే అక్కడికి వచ్చేసరికి పెన్సిల్ ఆగిపోతుంది: గోడ కొసన గీయాలా, లోపలి గాడిలో గీయాలా? ఆ పలచని గోడకు సరిపోయే సన్నని గాడిని క్రౌన్ లోపల చెక్కడం మిల్లింగ్ యంత్రపు బర్‌కు సాధ్యం కాదు. దాంతో యంత్రం క్రౌన్ లోపలి వైపు అదనంగా తొలుస్తుంది, ఉన్న మందం కూడా పోతుంది. ముద్ర తీసేముందు కొన మాత్రమే కోసే బర్‌తో ఆ గోడను తీసేస్తే సరిపోతుంది.

జిర్కోనియా అనే మరో సెరామిక్ సంగతి కొంత వేరు. లిథియం డైసిలికేట్ వంపు బలం (వంచితే విరగకుండా తట్టుకునే బలం) 400 మెగాపాస్కల్ ప్రాంతంలో ఉంటే, దవడ పళ్లకు వాడే గట్టి రకం జిర్కోనియా 1000 దరిదాపుల్లో ఉంటుంది. అందుకే దానికి అర మిల్లీమీటరు చాంఫర్ చాలు. అయితే ముందు పళ్లకు వాడే, కాంతి ఎక్కువగా ప్రసరించే జిర్కోనియాకు అంత బలం ఉండదు. ల్యాబ్‌కు పంపే స్లిప్పు మీద ‘జిర్కోనియా’ అని రాసి ఊరుకోకుండా ఏ రకమో ల్యాబ్‌ను అడగండి.

బలం కోసం ఎంతైనా అరగదీయవచ్చని మాత్రం అనుకోవద్దు. కింది ముందు పళ్లు మెడ దగ్గర చాలా సన్నం. అక్కడ ఒక మిల్లీమీటరు షోల్డర్ తీస్తే లోపలి నరం దాకా ముప్పు వస్తుంది, మిగిలిన పన్నూ బలహీనపడుతుంది. అలాంటి చోట నేనైతే గట్టి జిర్కోనియా, తక్కువ లోతు చాంఫర్ అడుగుతాను.