ఊరి రెక్ సెంటర్‌లో పేరు రాయించే ముందు: అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళకి

బడికి సెలవులిచ్చాక పిల్లల్ని ఎక్కడ ఉంచాలి, ఈత ఎక్కడ నేర్పించాలి, ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలకి ఇంట్లో పొద్దు ఎలా పోతుంది? కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఇవే. వీటికి చాలావరకు సమాధానం మీ ఇంటికి దగ్గర్లోనే, సిటీ లేదా కౌంటీ నడిపే పార్క్స్ అండ్ రిక్రియేషన్ విభాగం వాళ్ళ రెక్ సెంటర్‌లో దొరుకుతుంది. మనవాళ్ళలో చాలామంది దాన్ని దాటి నేరుగా ప్రైవేట్ అకాడమీకి వెళ్ళి రెండు మూడింతలు కడతారు. అద్దె ఇంట్లో ఉన్నా ఆస్తి పన్ను మీ అద్దెలో కలిసే ఉంటుంది. రెక్ సెంటర్ ఖర్చులో కొంత ఆ డబ్బుదే. కాబట్టి మొహమాటపడకుండా వాడుకోండి.

అయితే మొదట తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీరు ఎవరి లెక్కలో రెసిడెంట్? ఫీజు, రిజిస్ట్రేషన్ తేదీ, పూల్ పాస్ అన్నీ దీని మీదే ఆధారపడతాయి. ఎక్కువమంది పొరపాటుపడేదీ ఇక్కడే. చిరునామాలో రాసే ఊరి పేరు పోస్టాఫీసు పెట్టుకున్న పేరు మాత్రమే, అది ఊరి సరిహద్దు కాదు. హ్యూస్టన్ పక్కన కేటీ అనే చిరునామా ఉన్న ఇళ్ళలో ఎక్కువ భాగం కేటీ సిటీ పరిధిలోనే లేవు, అవి కౌంటీ కిందికి వస్తాయి. వాటికి నీళ్ళిచ్చేది మ్యూనిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్, ఈతకొలను హెచ్‌ఓఏది, అంటే ఆ కాలనీ ఇళ్ళ యజమానుల సంఘానిది. వర్జీనియాలో యాష్‌బర్న్ అసలు సిటీయే కాదు, అక్కడ రిక్రియేషన్ అంతా లౌడన్ కౌంటీ చూస్తుంది. ఇల్లినాయిలో ఇంకో పద్ధతి: పార్కులు చూసుకోవడానికే ఉన్న నేపర్‌విల్ పార్క్ డిస్ట్రిక్ట్ అనే ప్రభుత్వ సంస్థ నేపర్‌విల్ సిటీ నుంచి పూర్తిగా వేరు, దాని పన్ను వేరు, సరిహద్దు వేరు. సిటీలో ఉన్నంత మాత్రాన పార్క్ డిస్ట్రిక్ట్‌లో ఉన్నట్టు కాదు.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. కౌంటీ వెబ్‌సైట్లో మీ ఇంటి ఆస్తి పన్ను వివరాలు తెరిస్తే ఎవరెవరికి ఎంత పన్ను పోతోందో వరసగా ఉంటుంది. అందులో సిటీ పేరుగానీ పార్క్ డిస్ట్రిక్ట్ పేరుగానీ ఉంటే మీరు వాళ్ళ రెసిడెంట్. అపార్ట్‌మెంట్ అయితే రెక్ సెంటర్‌కి ఫోన్ చేసి ఇంటి నంబరు, వీధి పేరు చెప్పండి, నిమిషంలో చూసి చెప్తారు. రుజువుగా లీజు కాపీ లేదా ఈ మధ్య వచ్చిన కరెంటు బిల్లు, ఫోటో ఐడీ అడుగుతారు. లీజు భర్త పేరు మీదే ఉండి భార్య ఒక్కతే వెళ్తే వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. లీజులో ఇద్దరి పేర్లూ వేయించుకోండి, లేదా ఆవిడ పేరున ఒక బిల్లు పెట్టుకోండి. హెచ్‌ఓఏ పూల్ అయితే చాలాచోట్ల కిరాయిదారుకి తాళం కార్డు నేరుగా ఇవ్వరు. ఇంటి ఓనరు తన హక్కు మీకు బదిలీ చేస్తూ ఒక ఫారం మీద సంతకం చేయాలి. లీజు సంతకం పెట్టే రోజే అది అడగండి. వేసవి పూళ్ళు మామూలుగా మే చివర మెమోరియల్ డేకి తెరిచి సెప్టెంబరు మొదట్లో లేబర్ డేకి మూసేస్తారు. జూన్‌లో ఫారం కోసం తిరిగితే సీజన్‌లో కొంత పోయినట్టే.

ఇక రిజిస్ట్రేషన్. ఏడాదికి మూడు నాలుగుసార్లు యాక్టివిటీ గైడ్ (క్లాసుల జాబితా) వస్తుంది. రెసిడెంట్లకి ముందు, నాన్-రెసిడెంట్లకి కొన్ని రోజుల తర్వాత తెరుస్తారు. ఈత క్లాసులు, సమ్మర్ క్యాంపులు తెరిచిన కొద్ది నిమిషాల్లో నిండిపోతాయి. మీ ఊర్లో మనవాళ్ళు ఎక్కువైతే ఇంకా త్వరగా. అందుకని వారం ముందే ఇంటికంతటికీ కలిపి ఒకే ఖాతా తెరవండి. భార్యాభర్తలు చెరొకటి తెరిస్తే పిల్లవాడి పేరు రెండుచోట్ల పడి, ఖాతా ఆపేసి, ఆఫీసుకి రమ్మంటారు. పుట్టిన తేదీ దగ్గర మరీ జాగ్రత్త. ఇక్కడ ముందు నెల, తర్వాత రోజు. ఆగస్టు 5న పుట్టిన పాపకి అలవాటు కొద్దీ 05/08 అని కొడితే సిస్టమ్ ఆమెని మే 8న పుట్టినట్టు రాసుకుంటుంది. నాలుగేళ్ళకి రెండు నెలలు తక్కువైన పిల్ల నాలుగు నిండినట్టు కనిపిస్తుంది, క్లాసు మొదటి రోజు బయటపడుతుంది. దీనికి తిరగబడి, పిల్ల అసలు వయసు కన్నా చిన్నదిగా కనిపిస్తే వయసు సరిపోలేదని కార్ట్‌లోకే రానివ్వదు, అప్పటికి సీటు పోతుంది.

ప్రతి క్లాసుకీ ఒక కోడ్ నంబరు ఉంటుంది. కావలసిన దాని నంబరు, అది దొరక్కపోతే రెండోదాని నంబరు, మూడోదాని నంబరు చీటీ మీద రాసి పక్కన పెట్టుకోండి. కార్డు వివరాలు ముందే ఖాతాలో వేసుకోండి. తెరిచే సమయానికి ఐదు నిమిషాల ముందు లాగిన్ అయి ఉండాలి. నిండిపోతే వెయిట్‌లిస్ట్‌లో చేరడం మానకండి, సెషన్ ముందు వారంలో చాలామంది వదులుకుంటారు. కానీ సీటు వచ్చిందని పంపే మెయిల్‌కి చాలాచోట్ల 24 గంటలే గడువు. స్పామ్ ఫోల్డర్ రోజూ చూడండి. మానుకుంటే చాలాచోట్ల డబ్బు కార్డుకి తిరిగి రాదు, ఖాతాలో క్రెడిట్‌గా పడుతుంది. అదీ క్లాసు మొదలవడానికి ఇన్ని రోజుల ముందు చెప్తేనే.

ఈత గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది సరదా మాత్రమే కాదు. అపార్ట్‌మెంట్ పూల్ దగ్గర చాలాచోట్ల లైఫ్‌గార్డ్ ఉండడు, గోడ మీద ఆ సంగతి రాసి ఉంటుంది. చాలా ఊళ్ళు రెడ్ క్రాస్ పద్ధతిలో 6 లెవెళ్ళుగా నేర్పిస్తాయి. వయసు చూసి పెద్ద లెవెల్లో వేయకండి. పదేళ్ళ పిల్లవాడైనా నీళ్ళలో మొహం పెట్టి బుడగలు వదలలేకపోతే వాడు మొదటి లెవెలే. తప్పు లెవెల్లో వేస్తే మొదటి రోజు టీచరు పరీక్ష చేసి మార్చమంటాడు, ఆ లెవెల్ నిండి ఉంటే మీ డబ్బూ రెండు వారాలూ పోయినట్టే. చాలా పూళ్ళలో సీజన్ ముందు ఉచితంగా స్విమ్ ఎవాల్యుయేషన్ చేస్తారు, అది వదలొద్దు. మూడో లెవెల్ దాటేదాకా ఆపకండి. అక్కడికి పిల్లలు లోతు నీళ్ళలో దూకి, పైకి వచ్చి, తేలుతూ ఒక నిమిషం నిలబడి, తర్వాత ఈదుకుంటూ గట్టుకి చేరగలుగుతారు. అప్పుడే పూల్ పార్టీకి పంపడానికి కాస్త ధైర్యం. చేతులకి గాలి ఊదే ఫ్లోటీలు చాలా పూళ్ళలో ఒప్పుకోరు, కోస్ట్‌గార్డ్ ఆమోదించిన లైఫ్ జాకెట్ కావాలి.

బట్టల దగ్గర మన ఆడవాళ్ళు వెనకాడతారు. పొట్టి స్విమ్ సూట్ తప్పనిసరి కాదు. ఒంటినిండా ఉండే రాష్ గార్డ్, స్విమ్ లెగ్గింగ్స్ వేసుకోవచ్చు. కూడనిది కాటన్: టీషర్టు, చుడీదారు ప్యాంటు తడిస్తే బరువెక్కి లాగేస్తాయి, పోగులు ఊడి ఫిల్టర్లో చేరతాయి. తలకి నూనె పెట్టుకుని దిగొద్దు, ముందు షవర్ చేయాలి. ఆడవాళ్ళకే విడిగా సమయం కేటాయించే పూళ్ళు కొన్ని ఉన్నాయి, అడిగి చూడండి.

సమ్మర్ క్యాంపుకి వస్తే, భోజనం డబ్బా సంగతి ముందు చూడండి. చాలాచోట్ల ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉండవు. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది. పులిహోర, చపాతీ చుట్టలు, పక్కన గడ్డకట్టించిన నీళ్ళ సీసా బాగా పనిచేస్తాయి. జీడిపప్పు, వేరుశెనగ వేయకండి, చాలా క్యాంపుల్లో నట్స్ నిషేధం, పులిహోరలో పల్లీలు కూడా దాని కిందికే వస్తాయి. ఫారంలో ‘వెజిటేరియన్’ అని వదిలేయకుండా మాంసం, చేప, గుడ్డు, జెలటిన్ వీటిలో ఏవి తినరో విడివిడిగా రాయండి. మార్ష్‌మెలోల్లో ఉండే జెలటిన్ జంతువులది. ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళ జాబితాలో అమ్మమ్మ, తాతయ్య పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. గేటు దగ్గర ఫోటో ఐడీ చూడనిదే పిల్లని ఇవ్వరు, ఆలస్యమైతే నిమిషాల లెక్కన ఫీజు వేస్తారు.

ఆఫీసులో డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ (పిల్లల సంరక్షణ ఖర్చుకి పన్ను పడకముందే జీతంలోంచి డబ్బు పక్కన పెట్టే ఖాతా) ఉంటే డే క్యాంపు ఫీజు పన్ను లేని డబ్బుతో కట్టొచ్చు. 2025లో కుటుంబానికి ఏడాదికి 5,000 డాలర్ల దాకా ఉండేది, 2026 నుంచి 7,500. పిల్లకి 13 నిండకూడదు. రాత్రి బస ఉన్న క్యాంపు చెల్లదు. ముఖ్యమైన మెలిక ఇది: భార్యాభర్తలిద్దరూ పని చేస్తుండాలి, లేదా రెండోవాళ్ళు ఉద్యోగం వెతుకుతుండాలి, లేదా ఫుల్‌టైమ్ చదువుతుండాలి. హెచ్-4 మీద (హెచ్-1బీ ఉద్యోగి మీద ఆధారపడ్డవాళ్ళ వీసా) ఇంట్లో ఉన్న భార్య లేదా భర్త ఈ మూడింట్లో దేనిలోకీ రాకపోతే, నవంబరులో వచ్చే ఏడాదికని ఆఫీసులో ఉత్సాహంగా పక్కన పెట్టమన్న ఆ డబ్బు చిక్కులో పడుతుంది.

వచ్చిన పెద్దవాళ్ళకి సీనియర్ సెంటర్ ఉంటుంది. కొన్నిచోట్ల 50, కొన్నిచోట్ల 55 లేదా 60 నుంచి చేర్చుకుంటారు. విజిటర్ వీసా మీద ఉన్నా కుర్చీ యోగా, క్యారమ్స్, ఇంగ్లిష్ సంభాషణ తరగతికి వెళ్ళొచ్చు. చిరునామా రుజువుకి మీ లీజు, వాళ్ళ పాస్‌పోర్టు కలిపి చూపించి, ఇక్కడే ఉంటున్నారని ఒక ఉత్తరం రాసివ్వండి. చాలా సెంటర్లు ఒప్పుకుంటాయి. 60 నిండినవాళ్ళకి తక్కువ విరాళానికి భోజనం పెట్టే చోట్లున్నాయి, మన శాకాహారులకి మాత్రం అక్కడ సలాడ్ తప్ప పెద్దగా దొరకదు. చలికాలంలో పెద్దవాళ్ళకి అన్నిటికన్నా ఉపయోగం రెక్ సెంటర్లో ఉండే ఇండోర్ వాకింగ్ ట్రాక్. మంచు మీద జారి తుంటి విరిగితే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎంతిస్తుందో తెలిసినవాళ్ళకి దీని విలువ చెప్పక్కర్లేదు.

బతుకమ్మ, వనభోజనాలు పార్కులో చేయాలనుకుంటే పెవిలియన్ (కప్పు వేసిన పెద్ద షెడ్డు) ముందే బుక్ చేయాలి. మైకు పెడితే వేరే అనుమతి. టెంటుకి మేకులు కొట్టొద్దు, కింద నీటి పైపులుంటాయి, బదులు ఇసుక బస్తాలు కట్టండి. టికెట్టు అమ్మినా, జనం ఎక్కువైనా అది స్పెషల్ ఈవెంట్ అవుతుంది. అప్పుడు ఒక రోజుకి ఇన్సూరెన్స్ కావాలి, మామూలుగా 10 లక్షల డాలర్ల పూచీ అడుగుతారు. ఆ పత్రంలో సిటీ పేరు వాళ్ళు చెప్పినట్టు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, లేకపోతే తిప్పి పంపుతారు. దరఖాస్తు కోసం పండగకి రెండు మూడు నెలల ముందే కదలండి. ఇక నిమజ్జనం. తంగేడు, గునుగు దొరక్క ఇక్కడ బంతి, చామంతితో పేరుస్తాం. ఆ పూలు, పసుపు గౌరమ్మ, కింద పెట్టిన పళ్ళెంతో సహా పార్కు చెరువులో వదిలితే జరిమానా పడొచ్చు, మరుసటి ఏడాది పెవిలియన్ ఇవ్వకపోవచ్చు. పిల్లలు ఆడుకునే పెద్ద నీళ్ళ తొట్టి ఒకటి తెచ్చి, ఒడ్డున పెట్టి అందులో నిమజ్జనం చేసి, పూలని కంపోస్టుకి తీసుకెళ్ళండి.

క్రికెట్ ఆడేవాళ్ళు ఖాళీగా కనబడ్డ మైదానంలో మ్యాటు పరిచేయకండి. పర్మిట్ ఉన్నవాళ్ళు వస్తే మధ్యలో లేవాలి. వాన పడ్డాక ఫీల్డ్ మూసినట్టు సిటీ వెబ్‌సైట్లో పెడతారు. తడి నేల మీద ఆడి గడ్డి పాడుచేస్తే సీజన్ పర్మిట్టే రద్దు కావచ్చు.

ఇంకో జాగ్రత్త, ఇది చిన్నది కాదు. కూచిపూడి, యోగా, చదరంగం బాగా వచ్చినవాళ్ళని రెక్ సెంటర్ వాళ్ళు క్లాసు చెప్పమని అడుగుతారు. హెచ్-1బీ మీద ఉన్నా, పని అనుమతి లేని హెచ్-4 మీద ఉన్నా అందుకు డబ్బు తీసుకోకూడదు, అంపైరింగ్ ఫీజు కూడా. బయటివాళ్ళకి జీతమిచ్చి చేయించుకునే పనిని మీరు ఊరికే చేసినా చిక్కే. పిల్లల జట్టుకి అందరూ వాలంటీర్లుగానే ఉండే కోచింగ్ అయితే వేరు, దానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ మాత్రం చేస్తారు. సందేహముంటే ఒప్పుకునే ముందే మీ ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి.

ఫీజు భారమైతే నోరు విప్పి అడగండి. వైఎంసీఏలోనూ (ఇలాంటి క్లాసులు, పూళ్ళు నడిపే స్వచ్ఛంద సంస్థ) చాలా రెక్ సెంటర్లలోనూ ఆదాయాన్ని బట్టి తగ్గింపు ఉంటుంది, ఆదాయానికి రుజువు చూపించాలి. ఉద్యోగం పోయినప్పుడు, ఇంట్లో ఎవరికైనా కౌన్సెలింగ్ కావాలన్నప్పుడు, పిల్లల సంరక్షణకి సాయం కోసం 211కి (దగ్గర్లో ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పే నంబరు) ఫోన్ చేయొచ్చు. ఉచితం, అనువాదకుడు కావాలంటే ‘తెలుగు’ అని భాష పేరు చెప్పి కాసేపు లైన్లో ఆగండి.