సింకు డిస్పోజల్‌లో గాజు పగిలినప్పుడు

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మా అమ్మాయికి నీ పెద్దమ్మ ఆశీస్సులు.

డాలస్‌లో మీరు దిగిన ఇంట్లో సింకు కింద డిస్పోజల్, అంటే ఆహారపు తుక్కును నలిపి నీళ్లతో పంపే యంత్రం, ఉందనీ, నిన్న గ్లాసు కడుగుతుండగా చేయి జారి అందులోనే పగిలిందనీ మీ అమ్మ చెప్పింది. నేను ఫోనులో చెప్పబోతే నీవు ఒక చేత్తో ఫోను పట్టుకుని వింటూ రెండో చేత్తో పని మొదలుపెడతావని నాకు తెలుసు, అందుకే వివరంగా రాస్తున్నాను. ఇది పూర్తిగా చదివిన తరువాతే సింకు దగ్గరికి వెళ్లు.

ముందుగా కరెంటు సంగతి చూడాలి. గోడమీది స్విచ్చు ఆపితే సరిపోదు, ఎందుకంటే నీవు వంగి లోపలికి చూస్తున్నప్పుడు ఇంట్లో మరొకరు లైటు అనుకుని ఆ స్విచ్చే నొక్కవచ్చు. సింకు కింది అలమర తెరిస్తే డిస్పోజల్ వైరు ప్లగ్గు కనబడుతుంది. దానిని పూర్తిగా ఊడదీయాలి. ప్లగ్గు లేకుండా వైరు నేరుగా గోడలోకి వెళ్లి ఉంటే, బ్రేకర్ల పెట్టెలో దానికి సంబంధించిన బ్రేకరు ఆపి, తరువాత గోడ స్విచ్చు ఒకసారి వేసి మోటారు తిరగడం లేదని నిర్ధారించుకుని మళ్లీ ఆపాలి. గాజంతా తీసేవరకూ డిష్‌వాషర్ కూడా వాడవద్దు, దాని నీళ్లు సాధారణంగా ఈ డిస్పోజల్ గుండానే బయటకు పోతాయి.

మన మిక్సీ జారులో ఉన్నట్లు ఇందులోనూ పదునైన బ్లేడులు ఉంటాయని చాలామంది అనుకుంటారు, కానీ ఉండవు. అడుగున ఒక గుండ్రని పళ్లెం వేగంగా తిరుగుతుంది. దానిమీద అటూ ఇటూ కదిలే రెండు మొద్దు ఇనుప ముక్కలు ఆహారాన్ని చుట్టూ ఉన్న గరుకు వలయానికేసి కొట్టి నలుపుతాయి. కాబట్టి పళ్లేనికీ వలయానికీ మధ్య ఉన్న సన్నని సందులోనూ, ఆ ఇనుప ముక్కల చాటునా గాజు ఇరుక్కుంటుంది. పైనుంచి చూస్తే లోపల ఏమీ లేనట్లే ఉంటుంది గాని, టార్చిని కాస్త పక్కకు వాల్చి వెలుగు వేస్తే ఆ సందులో పెంకులు తళుక్కుమంటాయి. సింకు రంధ్రానికి ఉన్న నల్లని రబ్బరు రేకుల అడుగునా చూడు. అది ఊడివచ్చే రకమైతే పట్టకారుతో పైకి తీసి పక్కన పెట్టు.

చేయి మాత్రం ఎంతమాత్రం లోపలికి పోకూడదు. మందపాటి చేతి తొడుగులు వేసుకో, అయితే అవి బయట గాజు పట్టుకోవడానికే. తొడుగు ఉందన్న ధైర్యంతో చేయి పెట్టడం కన్నా తొడుగు లేక భయపడటమే మేలని నా అభిప్రాయం. పెద్ద ముక్కలను పొడవాటి పట్టకారుతో ఒక్కొక్కటిగా తీయి. సన్నని రవ్వలకు తడి పేపర్ టవల్‌ను మడిచి పట్టకారు కొసన పట్టుకుని అడుగున మెల్లగా అద్దితే అంటుకుని వస్తాయి. తడినీ పీల్చగల షాప్ వాక్యూమ్ దొరికితే సన్నని గొట్టం తగిలించి వాడు. తివాచీలు ఊడ్చే మామూలు వాక్యూమ్‌ను తడిలో పెట్టవద్దు.

పళ్లెం బిగుసుకుపోయి ఉంటే డిస్పోజల్ అడుగుభాగాన మధ్యలో ఆరు పలకల రంధ్రం ఉందేమో చూడు. చాలా రకాలకు పావు అంగుళం అలెన్ కీ, అంటే వంచిన ఆరు పలకల ఇనుప చువ్వ, సరిపోతుంది. దానితో అటూ ఇటూ తిప్పితే ఇరుక్కున్న ముక్క వదులవుతుంది, అప్పుడు మళ్లీ పట్టకారుతో తీయాలి. ఆ రంధ్రం లేకపోతే పైనుంచి చెక్క గరిటె కాడతో పళ్లేన్ని నెట్టి తిప్పు. తొందరపడి మోటారు వేసి గాజును పిండి చేసి నీళ్లతో పంపేద్దామనుకోకు. ఆ నూక సింకు కింది వంపు గొట్టంలో పేరుకుంటుంది.

ఏమీ కనబడనప్పుడు రబ్బరు రేకు తిరిగి పెట్టి, ప్లగ్గు తగిలించి, చల్లటి నీళ్లు వదిలి, పక్కకు జరిగి, కళ్లద్దాలు పెట్టుకుని ఒకటి రెండు క్షణాలు మాత్రమే స్విచ్చు వెయ్యి. కరకరమంటే వెంటనే ఆపి, ప్లగ్గు తీసి, మళ్లీ వెతకాలి. మోటారు గుయ్యిమంటూ తిరగకపోతే స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి, కొన్ని నిమిషాలు చల్లారనిచ్చి, పళ్లెం అలెన్ కీకి తేలికగా తిరుగుతోందో లేదో చూసుకున్న తరువాతే మోటారును తిరిగి పనిచేయించడానికి అడుగున ఉన్న ఎర్ర రీసెట్ బొత్తాన్ని నొక్కు. నీళ్లు నిదానంగా పోతుంటే గొట్టంలో గాజు చేరిందేమోనని అనుమానించాలి. గొట్టం శుభ్రం చేసే మందు పొడులేమీ పోయకుండా మెయింటెనెన్స్ వారిని పిలువు. అద్దె ఇల్లు కాబట్టి, నిజానికి, ఏ దశలో సందేహం కలిగినా వారికి ఫోను చేయడంలో మొహమాటపడనక్కరలేదు. గాజు పడిందన్న మాట మాత్రం ముందే చెప్పు, పని చేసేవారి చేతులు తెగకుండా ఉంటాయి.

తీసిన గాజును వట్టి ప్లాస్టిక్ సంచిలో వేయవద్దు. పాత కాగితాల్లో చుట్టి అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, పగిలిన గాజు అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి మామూలు చెత్తలో వెయ్యి. తాగే గ్లాసుల గాజును సాధారణంగా సీసాల గాజుతో కలిపి తీసుకోరు, కనుక రీసైక్లింగ్ డబ్బాలో వేయకూడదు. గ్లాసు పగిలిన సమయంలో సింకులో ఉన్న కూరగాయలనూ, అంట్లు తోమే స్పాంజినీ కూడా పారవేసి, కొత్త స్పాంజి తీసుకో.

ఇట్లు,
నీ పెద్దమ్మ